రెండేళ్లప్పుడు అమ్మమ్మ దగ్గర వదిలాను, పదేళ్ల పిల్లాడి మౌనానికి అదే కారణమా?

సుబేదారి అమ్మ

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. మా బాబుకు పదేళ్లు. ఐదో తరగతికి గురుకులం ఎంట్రెన్స్ రాస్తే సీటు వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం వారం నుంచి నిద్ర లేదు.

వాడికి రెండేళ్లు నిండుతుండగా మావారు దుబాయ్ పోయారు. ఇంటి మీద అప్పు ఉంది, నాకూ ఒక ఉద్యోగం కావాలి. అందుకే బీఈడీలో చేరాను. బాబును పరకాల దగ్గర మా అమ్మవాళ్ల ఊళ్లో ఉంచాను. పద్నాలుగు నెలలు. నెలకు రెండుసార్లు పోయేదాన్ని, పరీక్షలప్పుడు ఒక్కసారే. మొదట్లో నేను తిరుగు బస్సు ఎక్కుతుంటే కొంగు పట్టుకొని ఏడ్చేవాడు. మూడు నాలుగు నెలలకు ఏడుపు మానేశాడు. నేను బయల్దేరుతుంటే అమ్మమ్మ చంకలో ఉండి ముఖం అటు తిప్పుకొనేవాడు. అలవాటు పడ్డాడులే అనుకున్నాను.

ఇప్పుడు చదువులో బాగానే ఉన్నాడు. కానీ మనసులో మాట చెప్పడు. సంక్రాంతి సెలవులకు ముందు క్లాసులో ఎవరో కొడితే చెవి దగ్గర వాచింది. ఆ సంగతి నాకు వేరే పిల్లాడి తల్లి చెప్తే తెలిసింది. వాళ్ల నాన్న సెలవు మీద వస్తే మొదటి రెండు రోజులు తలుపు వెనకాలే నిలబడతాడు.

తల్లిదండ్రుల మీటింగ్‌కు వచ్చిన ఒక కౌన్సెలర్‌ను అడిగాను. ఆమె రెండు నిమిషాలు విని, "ఆరేళ్లలోపే మనిషి పునాది అయిపోతుంది. రెండేళ్లప్పుడు తల్లి వదిలేసిందన్న గాయం వాడి అచేతనంలో, అంటే వాడికే తెలియని లోపలి మనసులో, ఉండిపోయింది. ఇప్పుడు హాస్టల్ అంటే రెండోసారి వదిలేయడమే" అన్నారు. మా అత్తమ్మేమో, "మీ మామ హాస్టల్లనే చదివిండు, ఏమైంది? నువ్వు ఉత్తగ మనసు కరాబు చేసుకోకు" అంటుంది.

టెట్ కోసం, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్‌ను నేనూ చదివాను. అచిత్తు, అహం, అధ్యహం, మౌఖిక దశ, ఆసన దశ అని వరుసగా అప్పచెప్పగలను. బిట్లకు మార్కులు వచ్చాయి. అది నా ఇంట్లో, నా పిల్లాడి విషయంలో నిజమా కాదా అనేది మాత్రం తెలియడం లేదు. తెలిసినవాళ్లు దాచకుండా చెప్పండి. నేను తప్పు చేశానంటే ఆ మాటే చెప్పండి, వింటాను.

పీజీ సైకాలజీ

అక్కా, పిల్లాడిని చూడకుండా, వాడితో మాట్లాడకుండా, రెండు నిమిషాల్లో ఒక తల్లికి అంత మాట చెప్పడం తప్పు. నేను హైదరాబాద్‌లో సైకాలజీ పీజీ చేస్తున్నాను, మా ఇల్లు కాశీబుగ్గ. మా ప్రొఫెసర్లు ఎవరూ ఇలా తేల్చి చెప్పరు.

ఆరేళ్లలోపే అంతా అయిపోతుందన్న నమ్మకం ఫ్రాయిడ్ నుంచి వచ్చింది. 1905లో ఆయన శిశువుల లైంగికత గురించి రాశాడు, ఆ తర్వాత దశల సిద్ధాంతం పెరిగింది. నాకున్న అభ్యంతరం ఏంటంటే, పిల్లల వికాసం మీద ఇంత కట్టిన మనిషి పిల్లలను దగ్గర పెట్టుకొని చూసింది చాలా తక్కువ. వియన్నాలో తన దగ్గరికి వైద్యానికి వచ్చిన పెద్దవాళ్లు చెప్పుకున్న జ్ఞాపకాల నుంచి వెనక్కి పోయి బాల్యాన్ని ఊహించాడు. పిల్లాడి కేసు అని అందరూ చూపేది 1909లో అచ్చయిన హాన్స్ కేసు. ఐదేళ్ల పిల్లాడికి గుర్రాలంటే భయం. గుర్రం అంటే తండ్రి అని, తల్లి మీద ప్రేమతో తండ్రికి భయపడుతున్నాడని ఫ్రాయిడ్ తేల్చాడు. వైద్యం నడిచిన కాలంలో ఆయన ఆ పిల్లాడిని చూసింది ఒక్కసారే, మిగతాదంతా తండ్రి రాసి పంపిన నోట్సే. బండి లాగుతున్న గుర్రం ఒకటి కూలిపోతుంటే చూశానని, అప్పటినుంచే భయమని ఆ పిల్లాడు తన నోటితో చెప్పాడు. 1922లో, పంతొమ్మిదేళ్ల వయసులో వచ్చి ఫ్రాయిడ్‌ను కలిశాడు. తన కేసు తాను చదివితే ఒక్కటీ తనది అనిపించలేదన్నాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు.

తత్వవేత్త కార్ల్ పాపర్ ఒక ఉదాహరణ చెప్పాడు. ఒకడు పిల్లాడిని చంపాలని నీళ్లలోకి తోస్తాడు. ఇంకొకడు ప్రాణానికి తెగించి ఆ పిల్లాడిని కాపాడతాడు. మొదటివాడిది దమనం (కోరికను లోపల అణచుకోవడం), రెండోవాడిది ఉదాత్తీకరణం (దాన్ని మంచి పనిలోకి మళ్లించడం) అని ఫ్రాయిడ్ సిద్ధాంతం ఇద్దరికీ కారణం చెప్తుంది. ఏం జరిగినా సరిపోయే మాటతో మనకు తెలిసేది ఏమీ లేదు. మీ బాబు అల్లరి చేసి ఉంటే అదీ గాయమే అనేవారు. మౌనంగా ఉన్నాడు కాబట్టి ఇదీ గాయమే అంటున్నారు.

కొందరు పిల్లలు పుట్టుకతోనే మెల్లగా కలుస్తారు. థామస్, చెస్ అనే దంపతులు 1956లో మొదలుపెట్టి న్యూయార్క్‌లో పిల్లలను పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనించారు. నూటికి దాదాపు పదిహేను మంది కొత్త మనిషిని, కొత్త చోటును చూస్తే వెనక్కి తగ్గి, టైమ్ ఇస్తే నిదానంగా కలిసేవాళ్లని రాశారు. అది రోగమూ కాదు, గాయమూ కాదు. మీ బాబు ఆ కోవలోవాడు ఎందుకు కాకూడదు?

కరీంనగర్ కౌన్సెలర్

ఆ మీటింగ్‌కు వచ్చింది నేను కాదు, ముందు ఆ మాట చెప్పాలి. కానీ నేను చేసేది మనోవిశ్లేషణ దారిలో వచ్చిన పనే కాబట్టి మాట్లాడకుండా ఉండలేను.

తమ్ముడు చెప్పిన హాన్స్ సంగతి నిజమే. కానీ సైకోడైనమిక్ ఆలోచన, అంటే ఫ్రాయిడ్ నుంచి పెరిగిన ఈ దారి, 1909 దగ్గర ఆగిపోయినట్టు వాదించడం సరి కాదు. పిల్లలను దగ్గర పెట్టుకొని చూసినవాళ్లు తర్వాత వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఫ్రాయిడ్ కూతురు అన్నా, తన సహచరి డొరొతీ బర్లింగమ్‌తో కలిసి హాంప్‌స్టెడ్‌లో చిన్నపిల్లల నర్సరీలు నడిపింది. బాంబుల కన్నా ఇంటివాళ్ల నుంచి విడిపోవడమే ఆ పిల్లలను ఎక్కువగా కుదిపేసిందని వాళ్లు గమనించారు. మొదట ఆయాలందరూ పిల్లలందరినీ చూసేవాళ్లు. తర్వాత పద్ధతి మార్చి, నలుగురైదుగురు పిల్లలను ఒక్కో ఆయాకు అప్పగించి చిన్న కుటుంబాల్లా చేశారు. అంతవరకు ముడుచుకొని ఉన్న పిల్లలు "మా అమ్మ" అని పోట్లాడుకోవడం, అసూయపడటం, ఏడవడం మొదలుపెట్టారు. చూసేవాళ్లకు గొడవ పెరిగినట్టే ఉంటుంది. నిజానికి పిల్లలకు ప్రాణం వచ్చింది.

మేడం, మీరు రాసినదాంట్లో నేను ఆగిపోయింది ఒక్క వాక్యం దగ్గర. ఏడుపు మానేసి ముఖం తిప్పుకొన్నాడు అన్నారు. దాన్ని అలవాటు అనరు. అది ఆ వయసు పిల్లాడికి చేతనైన రక్షణ. టెట్ పుస్తకంలో "రక్షక తంత్రాలు" అని పెద్దవాళ్ల జబ్బుల్లాగా రాస్తారు గానీ, అవి పసివాడు తనను తాను కాపాడుకొనే తీరు. అడిగితే దొరకనిదాన్ని అడగడం మానేస్తే నొప్పి తగ్గుతుంది. ఇవాళ మీ బాబు దెబ్బ తిని కూడా మీకు చెప్పకపోవడంలో నాకు అదే కనిపిస్తోంది. మీరు చెడ్డ తల్లి అని దీని అర్థం కాదు. విన్నికాట్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టర్, ఆయన కూడా మనోవిశ్లేషకుడే, పిల్లాడికి లోపమే లేని అమ్మ అవసరం లేదు, సరిపడినంత మంచి అమ్మ చాలు అన్నాడు. పరకాలలో ఉన్నప్పుడు బాబు మీ పాత చీర ముక్క గాని, దుప్పటి గాని పట్టుకొని పడుకొనేవాడా? అది తెలిస్తే చెప్పండి, నాకు చాలా ముఖ్యం.

హాస్టల్ గురించి నా భయం దాచను. తల్లీబిడ్డల అనుబంధం మీద జీవితమంతా పనిచేసిన జాన్ బౌల్బీని పెంచింది ఒక ఆయా. ఆయనకు నాలుగేళ్లప్పుడు ఆమె వెళ్లిపోయింది. కొన్నేళ్లకు బోర్డింగ్ స్కూల్లో వేశారు. ఆ రెండూ ఆయన మరిచిపోలేదు. నేనైతే ఈ ఏడాది ఆగుతాను.

జగిత్యాల బిడ్డ

నేను చదువుకున్నవాడిని కాదు ఈ విషయంలో. కానీ అక్క చెప్పిన పిల్లాడు నేనే అనిపించి రాస్తున్నా.

మా బాపు నాకు మూడేళ్లప్పుడు దుబాయ్ పోయిండు. మా అమ్మ బీడీలు చుట్టేది. పొద్దున కూర్చుంటే ఒళ్లో చాట దిగేది కాదు. ఆ చాట ఉన్న ఒళ్లో నాకు జాగ లేదు. నన్ను పెంచింది మా అవ్వ. బాపు నుంచి క్యాసెట్లు వచ్చేవి, టేప్‌రికార్డర్‌లో వేసి ఇంటిల్లిపాదీ కూర్చొని వినేవాళ్లం. "బిడ్డా, మంచిగ చదువుకుంటున్నవా" అని క్యాసెట్ అడిగితే నేను టేప్‌రికార్డర్‌కు తల ఊపేవాడిని. మొదటిసారి సెలవు మీద మనిషి వస్తే ఎవరో అనుకొని అవ్వ వెనకాల దాక్కున్నా. ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయని అవ్వ తర్వాత చెప్పింది.

మీ అందరి మాటల్లో ఒకటి మిస్సయింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అవ్వ పోయింది. అప్పుడు నేను కూలిపోయాను. ఆరు నెలలు సరిగ్గా తినలేదు, స్కూలుకు పోలేదు. ఇంట్లో అందరూ "మీ అమ్మ ఉన్నది కదరా, ముసలామె పోతే గింత ఏడుస్తవా" అన్నారు. నాకు అమ్మ అంటే అవ్వే అని ఎవరికీ అర్థం కాలేదు. అమ్మకైనా అర్థమైందో లేదో.

అక్కా, బాబును పరకాలలో వదిలినప్పుడు ఎంత ఏడ్చాడో మీకు గుర్తుంది. పద్నాలుగు నెలల తర్వాత హన్మకొండకు తెచ్చుకున్నారు కదా. ఆ రోజు అమ్మమ్మను విడిచి ఎట్ల వచ్చిండు? అది ఎవరైనా అడిగారా?

సుబేదారి అమ్మ

అన్నా, మీ మాట చదివి ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. నేనూ అనుకోలేదు. నా బిడ్డ నా దగ్గరికి వచ్చాడని మాత్రమే అనుకున్నాను. వచ్చిన కొత్తలో రాత్రి లేచి తలుపు దగ్గర కూర్చొనేవాడు. కొత్త ఇల్లు కదా అనుకున్నాం. కరీంనగర్ మేడం అడిగిన చీర ముక్క సంగతి: ఉంది. కానీ అది నా చీర కాదు, మా అమ్మది. పచ్చ రంగు నేత చీర చెంగు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా దాన్ని దిండు కింద పెట్టుకొనేవాడు. పాతదైపోయిందని నేనే పడేశాను.

పిల్లల డాక్టర్, హన్మకొండ

అమ్మా, చీర ముక్క పడేసినందుకు బాధపడకండి. చాలా ఇళ్లలో జరిగేదే.

ఈ చర్చకు పనికొచ్చే ఒక సంగతి చెప్తాను. మా వైద్యాన్ని మార్చిన సంగతి ఇది. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, బౌల్బీ దగ్గర పనిచేసినవాడే, లండన్‌లో ఒక రెండున్నరేళ్ల పాప చిన్న ఆపరేషన్‌కు ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉండటాన్ని సినిమా తీశాడు. ఆ రోజుల్లో అక్కడ తల్లిని పక్కన ఉండనిచ్చేవారు కాదు. పాప మొదట ఏడుస్తుంది, తర్వాత కుంగిపోతుంది, ఆ తర్వాత "బుద్ధిగా" మారుతుంది, తల్లి వస్తే ముఖం తిప్పుకుంటుంది. నర్సులు ఆ మూడో స్థితిని చూసి పిల్ల కుదురుకుందనేవారు. చాలామంది డాక్టర్లు ఆ సినిమా చూసి కోప్పడ్డారు. అయినా 1959లో బ్రిటన్ ప్రభుత్వ కమిటీ పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది. మన వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రుల్లో బెడ్డు పక్కన తల్లో అమ్మమ్మో కింద చాప వేసుకొని పడుకోవడం మనకు కొత్త కాదు. వాళ్లు పోరాడి తెచ్చుకున్నది మనం అవసరం కొద్దీ చేస్తూ వచ్చాం.

అసలు చెప్పాలనుకున్నది దీని తర్వాతి కథ. అదే రాబర్ట్‌సన్, భార్య జాయిస్‌తో కలిసి 1960ల చివర్లో మళ్లీ సినిమాలు తీశాడు. తల్లి కాన్పుకు పోతే కొందరు పసిపిల్లలను తమ ఇంట్లోనే పెట్టుకొని, తల్లి గురించి మాట్లాడుతూ, ఇంటి అలవాట్లు కొనసాగిస్తూ ఒక్కరే చూసుకున్నారు. ఆ పిల్లలు బెంగపడ్డారు గానీ కూలిపోలేదు. పదిహేడు నెలల మరో పిల్లాడిని తొమ్మిది రోజులు నర్సరీలో ఉంచారు. అక్కడ ఆయాలు షిఫ్టులు మారుతుంటారు, ఎవరి ఒళ్లోకి పోయినా నిలవదు. ఆ పిల్లాడి పరిస్థితి చూడలేం. ఎడబాటు అన్న పేరు రెంటికీ ఒకటే. జరిగింది మాత్రం వేరు. మీ బాబు ఉన్నది ఆ రెండో చోటులో కాదు, అమ్మమ్మ చంకలో.

ఇంకొక మాట కఠినంగానే చెప్తాను. తల్లి మీద నింద వేసే సిద్ధాంతాల వల్ల జరిగిన నష్టం నేను చూశాను. ఆటిజం పిల్లలకు తల్లి మనసు చల్లబడటమే కారణమని ఒకప్పుడు మనోవిశ్లేషకులు గట్టిగా నమ్మారు. బెటెల్‌హైమ్ 1967లో దాని మీద పుస్తకమే రాశాడు. అది పూర్తిగా తప్పని తేలింది. ఇప్పటికీ నా క్లినిక్‌కు ఆటిజం పిల్లాడిని తెచ్చే తల్లి మొదట అడిగేది "నేను ఉద్యోగానికి పోవడం వల్లనా సార్" అనే. అందుకే ఎనిమిదేళ్ల కిందటి కారణం వెతకడానికి ముందు ఇప్పటి కారణం చూడండి. చెవి దగ్గర దెబ్బ తగిలింది అన్నారు, వినికిడి పరీక్ష చేయించారా? క్లాసులో కొట్టడం ఒక్కసారేనా, రోజూనా? రోజూ దెబ్బలు తినే పిల్లాడు మౌనంగా ఉండటానికి అచేతనం దాకా పోనక్కర్లేదు.

డిగ్రీ లెక్చరర్, నర్సంపేట

ఇంతమంది మాట్లాడారు, ఇంతసేపూ ఒక తల్లి తప్పు చేసిందా లేదా అనే. తండ్రి ఎనిమిదేళ్లుగా దేశంలో లేడు. ఆయన గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక్క జగిత్యాల తమ్ముడు తప్ప. ఆయన పోయింది బాధ్యత కోసం, ఆమె చదివింది కూడా బాధ్యత కోసమే. ఆయన పోతే త్యాగం అయింది, ఆమె చదివితే గాయం అయిందా? ఈ సిద్ధాంతం పుట్టిన చోటే ఈ లోపం ఉంది, దాన్ని మన ఇళ్లకు అలాగే దించుకున్నాం.

తల్లి, తండ్రి, పిల్లాడు, ఈ ముగ్గురే ఉన్న ఇంటిని చూసి రాసిన కథ అది. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి చూసి, 1927లో ఫ్రాయిడ్‌కు ఎదురు చెప్పాడు. అక్కడ పిల్లాడిని దండించేది తండ్రి కాదు, మేనమామ. పిల్లాడి కోపం, భయం కూడా మేనమామ మీదే ఉంటాయి. మన మేనమామలకు అంత అధికారం లేకపోయినా, పుట్టువెంట్రుకల నుంచి పెళ్లిదాకా మేనమామ లేని తంతు మనకు లేదు కదా. మన దేశంలో కూడా ఇది కొత్త మాట కాదు. 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘం పెట్టిన గిరీంద్రశేఖర్ బోస్, తన రోగుల్లో ఈడిపస్ భావన (మగపిల్లాడికి తల్లి మీద ప్రేమ, తండ్రి అంటే భయం అన్న మాట) మీరు చెప్పినట్టు లేదని ఫ్రాయిడ్‌కే ఉత్తరాలు రాశాడు. ఫ్రాయిడ్ మర్యాదగా జవాబిచ్చాడు గానీ మనసు మార్చుకోలేదు. తర్వాత 1978లో సుధీర్ కాకర్, మన మగపిల్లాడు చాలా కాలం తల్లి ఒళ్లో పెరిగి, నాలుగైదేళ్లప్పుడు ఒక్కసారిగా మగవాళ్ల లోకంలోకి తోయబడతాడని, దాన్ని రెండో పుట్టుక అనవచ్చని రాశాడు. మా ఇంట్లో నా తమ్ముడిని అలా బయటికి పంపడం నేను చూశాను. "ఇంక అమ్మ దగ్గర పండుకోవద్దు, పెద్దోడివైనవ్" అని ఒక రాత్రి నాన్న పక్కన మంచం వేశారు. వాడు రెండు నెలలు పక్క తడిపాడు. దానికీ అమ్మనే తిట్టారు.

పీజీ సైకాలజీ

లెక్చరర్ మేడంతో ఒప్పుకుంటాను. ఇంకొకటి కలుపుతాను. బౌల్బీ 1944లో దొంగతనాలు చేసిన 44 మంది పిల్లల మీద రాసిన పేపర్ చాలా పేరు పొందింది. వాళ్లలో ఎవరి మీదా ప్రేమ లేనట్టు కనిపించినవాళ్లు 14 మంది. ఆ 14 మందిలో 12 మంది చిన్నప్పుడు తల్లికి చాలా కాలం దూరమైనవాళ్లు. వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ ఎవరికి ప్రేమ లేదో తేల్చిందీ ఆయనే, ఎవరు తల్లికి దూరమయ్యారో రాసుకుందీ ఆయనే. 1972లో మైకేల్ రట్టర్ ఇదంతా మళ్లీ పరిశీలించి, ఎడబాటు ఒక్కటే పిల్లాడిని పాడుచేయదు, ఇంట్లో గొడవలు, ఆప్యాయత ఇచ్చే మనిషే లేకపోవడం వేరే సంగతులు, అన్నీ కలిపేయొద్దు అన్నాడు. వేరే పరిశోధకులు గ్లాస్గోలో 60 మంది శిశువులను చూసి 1964లో రాసినదాంట్లో, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది ఒకరికన్నా ఎక్కువ మందితో అనుబంధం పెంచుకున్నారు. నాన్న, తాత, అవ్వ, అక్క.

జగిత్యాల అన్నకు ఒక మాట. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో కలహం, తల్లిదండ్రుల జబ్బులు, ఇలా అన్ని కష్టాల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్ల వెనక దాదాపు ఎప్పుడూ గట్టిగా పట్టుకున్న ఒక మనిషి ఉన్నారు. చాలాసార్లు అది అవ్వో తాతో. మీ అవ్వ సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

కరీంనగర్ కౌన్సెలర్

తమ్ముడూ, లెక్కలు నువ్వు చెప్పినవి సరే. కానీ నువ్వు వాడిన "అనుబంధం" అనే మాట ఎక్కడిది? ఒళ్లో ఉన్న పసివాడికి మనిషి కావాలి, పాలు మాత్రమే కాదు అన్న ఆలోచనను సైన్సులోకి తెచ్చింది మనోవిశ్లేషణ నేర్చుకున్న బౌల్బీయే. దానికి తన సంఘంలోనివాళ్లే ఆయనను చాలా కాలం దూరం పెట్టారు. ఫ్రాయిడ్ దశలు నిలబడలేదు, ఒప్పుకుంటాను. మనకు తెలియని కారణాలు మన చేత పనులు చేయిస్తాయి, చిన్నప్పటి బంధాలు ఇప్పటి బంధాల్లో మళ్లీ కనిపిస్తాయి, ఈ రెండు మాటలు మాత్రం నేను వదలను. రోజూ నా గదిలో చూస్తున్నాను.

నా మొదటి పోస్టులో నేనూ తల్లి దగ్గరే ఆగిపోయాను. అమ్మమ్మను అడగలేదు. అది నా పొరపాటు. చీర ముక్క అమ్మమ్మది అని తెలిశాక నా ఆలోచన మారింది. పద్నాలుగు నెలలు వాడు ఎవరూ లేకుండా లేడు. ఒక మనిషిని గట్టిగా పట్టుకున్నాడు, ఆ మనిషి నుంచి ఒక్కరోజులో తెంపారు. మేడం, దాన్ని వాడితో ఎప్పుడైనా మాట్లాడారా?

కాజీపేట సారు

నేను ఇరవై ఆరేళ్లు టీచర్‌ను, అందులో పదకొండేళ్లు హాస్టల్ వార్డెన్‌ను. సిద్ధాంతాల్లో మీ అందరి కన్నా వెనక. చూసింది చెప్తాను.

జూన్‌లో పిల్లలు ట్రంకుపెట్టెలతో దిగుతారు. మొదటి వారం రాత్రులు ఒకడు మొదలుపెడితే హాలంతా ఏడుస్తుంది. ఏడ్చేవాడి గురించి నాకు టెన్షన్ ఉండేది కాదు. పెట్టె సర్దుకొని, ప్లేటు కడుక్కొని, ఎవరితో మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకొనేవాడి దగ్గరికి నేను ముందు పోయేవాడిని. ఎందుకో అప్పుడు తెలియదు. డాక్టర్ గారు చెప్పిన మూడో స్థితి చదివాక ఇప్పుడు అర్థమైంది.

మా హాస్టల్లో ఒక వంటామె ఉండేది. ఆమె చదువుకోలేదు. ప్రతి కొత్త పిల్లాడిని "మీ ఇంట్ల పప్పుల ఏం పోపు వేస్తరు?" అని అడిగేది. పిల్లాడు చెప్పడం మొదలుపెడితే ఇంటి సంగతంతా వచ్చేది, ఏడుపూ వచ్చేది. ఆ తర్వాత వాడు కుదురుకొనేవాడు. ఆమె రిటైరైన ఏడాది పారిపోయిన పిల్లలు పెరిగారు. దానికి దీనికి సంబంధం ఉందని నేను నిరూపించలేను, కానీ నమ్ముతాను.

మనస్తత్వవేత్త ఎరిక్సన్ ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ల దాకా శ్రమశీలత, న్యూనతల (నాకు చేతకాదన్న భావం) మధ్య పెనుగులాట. ఇది నాకు క్లాసులో నిజంగా కనిపించింది. ఆ వయసు పిల్లాడు "నాకు ఇది చేతనైతది" అనిపించే పని ఒకటి దొరికితే నిలబడతాడు. గురుకులంలో కొందరికి అది దొరుకుతుంది. ఇంటి దగ్గర దొరకనిది ఆటలోనో, పాటలోనో దొరికినవాళ్లున్నారు. కొందరికి దొరకలేదు, దసరాకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. ముందే ఎవరు ఏమవుతారో నేను ఒక్కసారీ సరిగ్గా చెప్పలేకపోయాను.

అందుకే అమ్మా, ఫ్రాయిడ్‌ను పక్కన పెట్టి ఆ స్కూలుకు ఒకసారి పోయి రండి. రాత్రి పిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు, ఏడాదిలో ఎంతమంది మారారు, ఇంటికి ఫోన్ చేయనిస్తారా, కొట్టుకుంటే ఎవరికి చెప్పాలి, ఇవి అడగండి. ఇంకొకటి, పరీక్ష రాయాలని ఎవరికి అనిపించింది? బాబుకా, మీకా? ఆ జవాబు మీ పోస్టులో లేదు.

సుబేదారి అమ్మ

నాలుగు రోజులు రాయలేకపోయాను. డాక్టర్ గారు చెప్పినట్టు చెవి చూపించాం, వినికిడి బాగానే ఉంది. కొట్టడం ఒక్కసారి కాదు, దసరా తర్వాతి నుంచి జరుగుతోంది. క్లాస్ టీచర్‌తో మాట్లాడాను. అది వేరే కథ, చాలా పెద్దది.

సారు అడిగినదానికి: పరీక్ష రాయమన్నది నేను. వాడు సరే అన్నాడు. వాడు అన్నింటికీ సరే అంటాడు.

నిన్న రాత్రి కరెంటు పోయింది. డాబా మీద పడుకున్నాం. వాడికి పరకాల సంగతి మొత్తం చెప్పాను. నేను ఎందుకు చదివానో, నాన్న ఎందుకు పోయాడో, నెలకు రెండుసార్లు వచ్చి పోయేదాన్నని, ఆ తర్వాత అమ్మమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్నానని. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బస్సు కిటికీలోంచి నువ్వు చెయ్యి ఊపేదానివి, అమ్మమ్మ కూడా ఊపమనేది, నేను ఊపకపోయేది" అన్నాడు. రెండేళ్లప్పటిది నీకు గుర్తుందా అని అడిగాను. "నాకు గుర్తు లేదు. అమ్మమ్మ చెప్పింది. ప్రతి సెలవులకు చెప్తది" అన్నాడు.

నాకు తెలియకుండా వాళ్లిద్దరూ ఇన్నేళ్లుగా ఈ సంగతి మాట్లాడుకుంటున్నారు. మా అమ్మ పెద్దగా చదువుకున్నది కాదు. ఇది గాయమో కాదో ఆమెకు తెలియదు. కానీ వాడు చెయ్యి ఊపని సంగతి వాడికి చెప్తూనే ఉంది.

హాస్టల్‌కు పోతావా అని మళ్లీ అడిగాను, ఈసారి ఏ జవాబైనా కోపం రాదని చెప్పి. "అమ్మమ్మను అడిగి చెప్తా" అన్నాడు. చేర్చడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆదివారం ఇద్దరం పరకాల బస్సు ఎక్కుతున్నాం. మా అమ్మ దగ్గర ఆ పచ్చ చీర మిగిలిన సగం ఉందట, ఫోన్లో చెప్పింది.